తిథి, తేదీ, చేతిలోని ఫోను

(యానాం నుండి వెళ్ళి వివిధ నగరాలలో నివసిస్తున్న కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



పురపాలక సంఘంలో అనువాదకుల పని సగం తేదీల పని. పన్ను గడువు, నీటి సరఫరా నిలిపివేత, వైద్య శిబిరం, అభ్యంతరాలు తెలుపుకొనే చివరి రోజు. ఇటువంటి ప్రకటనను తెలుగులోకి తెచ్చేటప్పుడు వాక్యం కొంత బిగుసుకుపోయినా చదువరి సర్దుకుంటాడు. తేదీ తప్పితే మాత్రం సర్దుకోవడానికి ఏమీ మిగలదు. అందుచేత నాకిచ్చిన విశాలమైన అంశంలో నుండి ఒక చిన్న మూలను ఎంచుకున్నాను: ఒక కుటుంబానికి చెందిన తేదీలూ పనులూ అనేక ఫోన్లలో ఒక్క తీరుగా ఉండడం ఎట్లా?

మన ఊరి కుటుంబాల స్వరూపం మీకు తెలియనిది కాదు. తల్లిదండ్రులు యానాంలో ఉంటారు. పెద్దబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి కువైట్‌లో, చిన్నవాడు న్యూజెర్సీలో. నాన్నగారిని నెలనెలా కాకినాడ తీసుకువెళ్ళి డాక్టరుకు చూపించాలి. ఇంటిపన్ను కట్టాలి. తాతగారి తద్దినం ఏ రోజో తెలియాలి. వాట్సాప్‌లో ఒకరు తేదీ పెడతారు. రెండు రోజులలో అది శుభోదయాల కింద కూరుకుపోతుంది. మందులు రెండుసార్లు కొనడం వల్ల నష్టం కొద్దిపాటిదే. అన్న కొన్నాడని చెల్లెలూ, చెల్లెలు పంపిందని అన్నా ఊరుకుంటే, నాన్నగారి బీపీ మాత్రలు ఆగిపోతాయి.

దీనికి ఉమ్మడి క్యాలెండరు, ఉమ్మడి పనుల జాబితా కావాలని చాలామంది గ్రహించారు. గ్రహించి, చేతికి దొరికిన యాప్ దించుకున్నారు. ఇక్కడే ఒక చిక్కున్నది. వండర్‌లిస్ట్ అనే పనుల యాప్ మీలో కొందరికి గుర్తుండవచ్చు. బెర్లిన్‌లో పుట్టింది, 2015లో మైక్రోసాఫ్టు దానిని కొనుగోలు చేసింది, 2020 మే 6న మూసివేసింది. జాబితాలను తన మరొక యాప్‌లోకి మార్చుకొనే వీలు ఆ సంస్థ కల్పించింది, కాదనను. అయితే ఎక్కడికి మారాలో నిర్ణయించినది వాడుకరి కాదు. మన ఇంటి పనుల చిట్టా ఒక దుకాణం తలుపుతో ముడిపడి ఉండరాదు.

బహిరంగ ప్రమాణం అన్న మాట ఇప్పుడు చెప్పుకోవాలి. పోస్టుకార్డును తలచుకోండి. ఏ కలంతో రాసినా, ఏ ఊరి డబ్బాలో వేసినా చేరుతుంది. చిరునామా ఎక్కడ రాయాలో, పిన్‌కోడు ఎక్కడ వేయాలో అందరికీ తెలిసిన పద్ధతి ఒకటున్నది. క్యాలెండర్లకు అటువంటి పద్ధతి పేరు ఐ-క్యాలెండర్. 1998లో ఆర్.ఎఫ్.సి. 2445 అనే పత్రంగా వెలువడి, 2009లో ఆర్.ఎఫ్.సి. 5545గా సవరణ పొందింది. దీనిని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. దాని ప్రకారం ఎవరైనా యాప్ తయారుచేయవచ్చు. మీకు అప్పుడప్పుడు ఈమెయిల్‌లో వచ్చే ఐ.సి.ఎస్. ఫైలు ఈ పద్ధతిలో రాసినదే. దానిని మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి: ఆరంభం ఎప్పుడు, ముగింపు ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అని పంక్తి పంక్తిగా కనబడుతుంది. అందులో రహస్య లిపి ఏమీ లేదు.

రాసే పద్ధతి ఐ-క్యాలెండర్ అయితే, ఆ రాసినదాన్ని పరికరాల మధ్య అటూ ఇటూ నడిపించే పద్ధతి క్యాల్‌డావ్. 2007లో ఆర్.ఎఫ్.సి. 4791గా వచ్చింది. ఒక సర్వరులో మూల ప్రతి ఉంటుంది; ఫోన్లూ కంప్యూటర్లూ దానితో తమ ప్రతులను సరిచూసుకుంటాయి. మా కార్యాలయాలలో దస్త్రానికి ఒక సంఖ్య ఉన్నట్టే, ప్రతి నమోదుకూ మారని గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. అందువల్లనే కువైట్ ఫోనులోనిదీ, హైదరాబాదు ఫోనులోనిదీ ఒకే నమోదని యంత్రానికి తెలుస్తుంది. ఇదికాక, నమోదు మారినప్పుడల్లా మారే మరొక ముద్ర ఉంటుంది. అన్న పాత ప్రతిని దిద్ది పంపేసరికి చెల్లెలు అప్పటికే దానిని మార్చి ఉంటే, ముద్రలు కలవవు. సర్వరు అన్న దిద్దుబాటును వెనక్కి పంపుతుంది. ఒకరి రాత మీద మరొకరి రాత తెలియకుండా పడిపోదు. దీనిని అందరూ సింక్ అంటారు. మేము సమకాలీకరణ అని రాస్తాము. ఇంట్లో సింక్ అనే చెప్పండి, త్వరగా అర్థమవుతుంది.

సమయం విషయం కొంచెం ఓపికగా వినండి. యానాంలో ఉదయం 10 గంటలకు డాక్టరు రమ్మన్నారనుకుందాం. నమోదులో "ఆసియా/కోల్‌కతా" అన్న కాలమండలం ఉంటే కువైట్ ఫోను దానిని 7:30 అని చూపుతుంది. అది సరి. కానీ అమ్మ పుట్టినరోజును అర్ధరాత్రి 12 గంటలకు మొదలయ్యే కార్యక్రమంగా నమోదు చేస్తే, అదే లెక్క ప్రకారం కువైట్‌లో ముందురోజు రాత్రి 9:30కి జారుతుంది. పుట్టినరోజులకు, పండుగలకు, గడువులకు "రోజంతా" అనే మీట నొక్కండి. అప్పుడు గడియారం లేని వట్టి తేదీ నమోదవుతుంది. అది ఏ దేశంలోనూ జరగదు.

పునరావృతమయ్యే రోజులకు ఈ ప్రమాణంలో చక్కని సూత్రమున్నది. మన ఊరి మంగళవారం సంతను ఒక్క పంక్తిలో చెప్పవచ్చు: వారానికొకసారి, మంగళవారం. ఫ్రెంచి వలసలు చట్టరీత్యా భారతదేశానికి సంక్రమించిన 1962 ఆగస్టు 16ను ఏటేటా తలచుకోవడానికీ ఒక్క పంక్తి చాలు. పుదుచ్చేరిలోని తమిళులకు సంవత్సరాది సౌరమానం కనుక ఏప్రిల్ 14 దరిదాపులను దాటదు. మరి మన ఉగాది? 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. ఈ మూడింటిని కలిపే సూత్రం మీ ఫోనులో లేదు.

తెలుగులో తేదీ వేరు, తిథి వేరు. చంద్రుడు సూర్యుని నుండి 12 డిగ్రీలు దూరం జరగడానికి పట్టే కాలం తిథి. అది సుమారు 19 గంటలు ఉండవచ్చు, 26 గంటలూ ఉండవచ్చు. ఏ గంటలోనైనా మొదలు కావచ్చు. ఒక తిథి యానాంలో సోమవారం ఉదయం 10కి మొదలై మంగళవారం ఉదయం 9కి ముగిసిందనుకోండి. సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథిగా తీసుకొనే వ్రతమైతే, యానాంలో అది మంగళవారం. వేసవిలో న్యూజెర్సీ గడియారం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక. అక్కడ అదే తిథి సోమవారం తెల్లవారుజామున 12:30కి మొదలై ఆ రాత్రి 11:30కే ముగుస్తుంది. కనుక అక్కడ వ్రతం సోమవారం. ఆకాశంలో జరిగినది ఒకటే, రోజులు రెండు. తద్దినానికి అపరాహ్ణంలో ఉన్న తిథిని చూస్తారు. ఆ లెక్కన యానాంలో కూడా సోమవారమే అవుతుంది! "వాళ్ళ యాప్ తప్పు, మన పంచాంగం ఒప్పు" అని ఫోనులో వాదించుకొనే అన్నదమ్ములు చాలాసార్లు ఇద్దరూ ఒప్పే.

ప్రమాణాలు రాసేవారు ఈ సమస్యను ఎరుగనివారు కారు. 2015లో ఆర్.ఎఫ్.సి. 7529 అనే అనుబంధం వచ్చింది. దాని ద్వారా చైనా, హీబ్రూ, ఇథియోపియా వంటి కాలమానాల ప్రకారం ఏటేటా వచ్చే రోజులను చెప్పవచ్చు. ఆ కాలమానాల పేర్ల జాబితాలో "ఇండియన్" అని కూడా ఉన్నది. సంతోషపడకండి. అది 1957 మార్చి 22 నుండి ప్రభుత్వం వాడుతున్న జాతీయ శక క్యాలెండరు. నెలలకు స్థిరమైన రోజులున్న సౌరమానం. అందులో తిథులు లేవు, అధికమాసం లేదు. చైనా క్యాలెండరు కూడా చాంద్రసౌరమానమే, దానికీ అధికమాసాలున్నాయి. అయితే దాని లెక్క అంతా ఒకే రేఖాంశం మీద జరుగుతుంది. మనది ఎవరి ఊరి సూర్యోదయం వారిది. పైగా దృక్ గణితమని, సూర్యసిద్ధాంతమని పద్ధతులు వేరు. ఇన్నింటిని ఒక పంక్తిలో ఇమిడ్చే సూత్రం వస్తే తెలుగు చదువుకున్నవాడిగా నేను మొదట చప్పట్లు కొడతాను. అంతవరకు ఎదురుచూడనక్కరలేదు.

ఐ-క్యాలెండర్‌లో సూత్రం లేకుండా తేదీలను వరుసగా రాసి ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నది. చాలా యాప్‌లలో దానికి మీట కనబడదు. అప్పుడు ఏ తేదీకి ఆ తేదీ విడిగా నమోదు చేసినా సరిపోతుంది. ఉగాదికి పంచాంగం రాగానే, ఇంటిలో ఒకరు పురోహితులను అడిగి ఆ ఏడాది తద్దినాలు, నోములు, పండుగలు ఉమ్మడి క్యాలెండరులో "రోజంతా" అని ఎక్కించాలి. ఏడాదికి పది పన్నెండు నమోదులకు మించవు. న్యూజెర్సీకి రోజు మారితే వివరణలో ఒక మాట రాయాలి. 2026లో మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. జ్యేష్ఠమాసంలో తద్దినాలున్నవారు తప్పక అడిగి తెలుసుకోవాలి.

ఇక ఏమి వాడాలన్నది. ఐఫోనులో క్యాల్‌డావ్ ఖాతా చేర్చే చోటు సెట్టింగులలోనే ఉన్నది. ఆండ్రాయిడ్‌లో లేదు, డావ్‌ఎక్స్‌ఫైవ్ అనే అనుసంధాన యాప్ కావాలి. ఎఫ్-డ్రాయిడ్ నుండి ఉచితంగా దొరుకుతుంది, ప్లే స్టోరులో కొనాలి. కంప్యూటరులో థండర్‌బర్డ్ చాలు. సర్వరుకు నెక్స్ట్‌క్లౌడ్ ఖాతా తీసుకోవచ్చు. ఇంట్లో చేయి తిరిగినవారుంటే ర్యాడికేల్ వంటి చిన్న సర్వరును స్వయంగా నడపవచ్చు. ఆ యంత్రాన్ని మాత్రం యానాంలో కింది అంతస్తులో పెట్టవద్దు. 2022 జూలైలో గోదావరి మన వీధులలోకి ఎంతవరకు వచ్చిందో చూశారు. ఫోనులో ప్రతి ఒకటి ఉంటుంది కనుక, కరెంటూ సిగ్నలూ లేని రోజులలో కూడా తేదీలు చదువుకోవచ్చు. అప్పుడు చేసిన మార్పులు సంబంధం తిరిగి వచ్చాక చేరతాయి.

గూగుల్ క్యాలెండరు చాలదా అని అడుగుతారు. తేదీల వరకు చాలు. గూగుల్ క్యాల్‌డావ్‌ను అనుమతిస్తున్నది. 2013 మార్చిలో దానిని ఎంపికచేసిన సంస్థలకే పరిమితం చేస్తామని ప్రకటించి, జూన్‌లో వెనక్కి తీసుకున్నది; ఆ మూడు నెలలు గుర్తుంచుకోదగినవి. పనుల జాబితా దగ్గరే అసలు ఇబ్బంది. ప్రమాణంలో పనికి ప్రత్యేక రూపమున్నది: గడువు, "చేయవలసినది", "జరుగుతున్నది", "పూర్తయినది" అనే స్థితులు. కానీ గూగుల్ టాస్క్స్ క్యాల్‌డావ్ ద్వారా బయటికి రావు. ఆపిల్ కూడా 2019లో ఐక్లౌడ్ రిమైండర్లను కొత్త రూపంలోకి మార్చి ఈ దారి మూసింది. అయితే ఆ రిమైండర్ల యాప్‌లోనే వేరే క్యాల్‌డావ్ ఖాతాలోని పనులు చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో టాస్క్స్.ఆర్గ్ ఆ పని చేస్తుంది. నాన్నగారి మాత్రలను ఒక పనిగా నమోదు చేసి, కొన్నవారు "పూర్తయినది" అని గుర్తుపెడితే, మిగతా ఇద్దరి ఫోన్లలో అది కొట్టివేసి కనబడుతుంది.

ఒక జాగ్రత్త. క్యాలెండరును లంకె ద్వారా పంచుకుంటే, ఆ లంకె ఎవరి చేతిలో ఉంటే వారు చదవగలరు. అమ్మానాన్నలు ఏ రోజు కాకినాడ వెళ్తున్నారో చదివినవారికి ఇల్లు ఏ రోజు తాళం వేసి ఉంటుందో కూడా తెలుస్తుంది. పేరుపేరునా ఖాతాలిచ్చి పంచుకోండి. ఆరు నెలలకొకసారి మొత్తం క్యాలెండరును ఐ.సి.ఎస్. ఫైలుగా దించి పెన్‌డ్రైవులో దాచండి. రేపు ఏ సేవ మూతపడినా ఆ ఫైలును మరొక చోట తెరవవచ్చు.

అమ్మకు స్మార్ట్‌ఫోను చూడడం రాదని కొందరు నాతో అన్నారు. రానక్కరలేదు. థండర్‌బర్డ్‌లో నెల పుటను కాగితం మీద ముద్రించుకోవచ్చు. ఊళ్ళో ఉన్న బంధువు ఎవరైనా నెల మొదటి తేదీన ఆ కాగితం తీసి, వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండరు పక్కన మేకుకు తగిలిస్తే సరి.