గ్రామ స్త్రీలు - కాన్సరు నివారణ

గుంటూరు నుండి పడమరగా పోవు రైలుదారి నల్లపాడులో రెండుగా చీలును. పట్నము కూతవేటు దూరము. పెద్దాసుపత్రికి ఆటోలో పోవచ్చును. అయినను కూలి స్త్రీలలో గర్భాశయ ముఖద్వారపు కాన్సరు తరచు ముదిరిన పిదపనే వైద్యుని కంటబడుచున్నది. ఇందుకు కారణము దూరమని చెప్ప వీలులేదు.

కోతల దినములలో మిరప కోయు ముఠా తెల్లవారుజామునే బయలుదేరును. కోతలు ముగిసిన పిదప శీతల గిడ్డంగులలో తొడిమలు తీయు పని. ఆరోగ్యకేంద్రము తెరచు వేళకు ఆమె చేలో ఉండును. ఆమె ఇల్లు చేరునప్పటికి కేంద్రము మూసియుండును. ఒకపూట మానినచో కూలి పోవుటయే గాక, మరునాడు మేస్త్రి పిలుచునో లేదో!

ఈ వ్యాధికి ప్రధాన కారణము పాపిల్లోమా అను వైరసు. అది సోకినంతనే కాన్సరు రాదు. కణములలో కలిగిన మార్పు పుండుగా పరిణమించుటకు సాధారణముగా పది పదునైదేండ్లు పట్టును. ఇంత గడువిచ్చు కాన్సరులు అరుదు. పరీక్షయు సులభమే. వెనిగరులోని ఆమ్లమును నీట కలిపి దూదితో అద్ది, ఒక నిమిషమాగి, మంచి వెలుతురున చూతురు. తెల్లని మచ్చ కనబడినచో పై పరీక్షకు పంపుదురు. కత్తి లేదు, సూది లేదు.

బొంబాయి మురికివాడలలో టాటా స్మారక వైద్యశాలవారు 1998లో ఆరంభించి, 75 వేల పైచిలుకు స్త్రీలకు రెండేండ్లకొకసారి ఈ పరీక్ష జరిపించిరి. పరీక్షించినది డాక్టర్లు కారు. పదవ తరగతి చదివి, కొద్ది వారములు శిక్షణ పొందిన స్త్రీలు. ఈ వ్యాధి మరణములు నూటికి 31 వంతులు తగ్గినట్లు 2014లో ప్రకటించిరి. మనకును 2016లో కేంద్ర ప్రభుత్వము 30 ఏండ్లు నిండినవారికి ఇట్టి పరీక్షలు నిర్ణయించినది. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 30-49 ఏండ్ల స్త్రీలలో ఒక్కసారియైన పరీక్షింపబడినవారు నూటికి ఐదుగురు లేరు. 9 నుండి 14 ఏండ్ల బాలికలకు టీకా కలదు. వారి తల్లులకు మాత్రము పరీక్షయే దారి.

సిగ్గుచే రారని కొందరందురు. సిగ్గు ఉన్నమాట నిజమే. తలుపుగల గది, అడ్డుతెర, నర్సమ్మ ఉన్నచో అది సగము తీరును. కూలి బెంగ అట్లు తీరదు.

శ్రోతలారా, ఇది వినుచున్న మీ చేలోనే ఆ ముఠా పనిచేయుచుండవచ్చును. కోతలు సాగుచుండగా ఒకపూట కూలి తెగకుండ వారిని పంపుడు. లేదా సాయంత్రము మీ ఊరి బడిగదిని ఇప్పించి, ఆశా కార్యకర్త ద్వారా నర్సమ్మను అచటికి రప్పింపుడు. ముట్లుడిగిన పిదప రక్తము కనబడినను, భార్యాభర్తల కలయిక తరువాత కనబడినను, దుర్వాసనతో తెల్లబట్ట అగుచున్నను, పరీక్ష దినము కొరకు ఆగక ఆమెను వెంటనే పెద్దాసుపత్రికి పంపుడు. తోడుగా ఒకరిని పంపి, ఆ తోడువచ్చిన మనిషి కూలి కూడ లెక్కలో వేయుడు.