నిలిచిన లారీ – ఆగని ఇంజను

మెట్టుగూడ ప్రాంతంలో నివసించేవారికి ఇంజన్ల చప్పుడు కొత్త కాదు. దాపుననే లాలాగూడ రైల్వే వర్కుషాపు ఉన్నది. మరి కొంత దూరం పోతే మౌలాలీ డీజిలు లోకో షెడ్డు. ఇటు సికింద్రాబాదు స్టేషను, నడుమ తార్నాక వైపు సాగే పెద్ద రోడ్డు, 2017 నుండి ఆ రోడ్డుకు పైన మెట్రో రైలు. అయితే ఈ చప్పుళ్ళన్నీ వచ్చిపోయేవి. వచ్చి, పోకుండా నిలిచే చప్పుడు ఒకటున్నది. అది రోడ్డు వారను ఆపిన లారీది. బండి కదలదు. డ్రైవరు సీటు మీద వాలి ఉంటాడు, లేదా ఎదుటి హోటలులో టీ త్రాగుతూ ఉంటాడు. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క. “బండి ఆపినవాడు ఇంజను ఎందుకు ఆపడు?” అని ఇంటి ఇల్లాలు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దానికి న్యాయమైన సమాధానం వెదకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

డ్రైవర్లకు లెక్కలేదని ఒక్క మాటతో తేల్చివేయడం సులభం. కాని మన దేశంలోనే కాదు, అమెరికాలోను, ఐరోపాలోను కూడ లారీ డ్రైవర్లు ఇదే పని చేస్తూ వచ్చారు. ఇందరు ఒకే పని చేస్తున్నారంటే దానికి ఏదో బలమైన కారణం ఉండి ఉండాలి గదా!

పూర్వం మన ఇళ్ళలో రాత్రి వంట ముగిసిన తరువాత పొయ్యిలోని నిప్పును పూర్తిగా ఆర్పేవారు కాదు. కణికెల మీద నివురు కప్పి ఉంచేవారు. తెల్లవారి ఆ నివురు ఊది, నాలుగు పుల్లలు వేస్తే మంట లేచేది. ఆరిన పొయ్యిని మళ్ళీ రాజవేయడం కష్టమైన రోజులవి. రైల్వేలోనూ ఇదే సంప్రదాయం నడిచింది. నిజాం రైల్వేవారు 1893లో లాలాగూడ వర్కుషాపును నెలకొల్పిన కాలం ఆవిరి యంత్రాల కాలం. చల్లారిన బాయిలరులో మళ్ళీ ఆవిరి పుట్టించడానికి గంటల కాలం పట్టేది. అందుచేత మరునాడు పనికి వెళ్ళవలసిన ఇంజనులో రాత్రంతా నిప్పును అణచి ఉంచేవారే కాని, ఆరనిచ్చేవారు కారు. చల్లారిన యంత్రాన్ని నమ్మరాదన్నది యంత్రాలతో బ్రతికేవారందరికీ అనుభవం నేర్పిన పాఠం. లారీ డ్రైవరుకు ఆ పాఠం వారసత్వంగా వచ్చింది.

డీజిలు ఇంజనుకు ఈ పాఠం మరింతగా వర్తించింది. ఎందువల్లనో చూద్దాం. సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరూ ఎరిగినదే. గాలిని గట్టిగా అదిమితే వేడి పుడుతుంది. జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును ఈ సూత్రం మీదనే నిర్మించాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో ఆయన ఇంజను జయప్రదంగా పనిచేసింది. ఇందులో పెట్రోలు బండిలో వలె నిప్పురవ్వ పుట్టించే స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని సుమారు పదహారో వంతుకు, ఇరవయ్యో వంతుకు అదుముతారు. దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిగాలిలోకి నూనెను సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది.

ఇంత గట్టిగా గాలిని అదమడానికి మొదటిసారి ఇంజనును త్రిప్పవలసింది ఎవరు? బ్యాటరీ, దానితో నడిచే స్టార్టరు మోటారు. డ్రైవర్ల భాషలో దాని పేరు సెల్ఫు. ఇంజను చల్లగా ఉంటే ఇనుప గోడలు వేడిని లాగివేస్తాయి, నూనె సరిగా అంటుకోదు. బ్యాటరీ నీరసంగా ఉంటే ఇంజను వేగంగా తిరగదు, గాలి చాలినంత వేడెక్కదు. ఈ రెండూ ఒకేసారి సంభవిస్తే సెల్ఫు మూలుగుతుందే తప్ప బండి అందుకోదు.

1954లో టెల్కో సంస్థ జర్మనీలోని డైమ్లర్ బెంజ్ సంస్థతో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూరులో లారీల తయారీ చేపట్టింది. 1955లో మద్రాసులోని అశోక్ మోటార్స్ సంస్థ అశోక్ లేలాండ్ అయింది. డీజిలు లారీ మన రోడ్లమీద వ్యాపించింది ఆ దశాబ్దాలలోనే. పాత బ్యాటరీతో తిరిగే డ్రైవరు బండి ఆపేటప్పుడు పల్లపు తావు చూసి ఆపేవాడు. సెల్ఫు పనిచేయకపోతే బండిని దొర్లించి, గేరు వేసి లేపడానికి అది అనువు. పల్లం దొరకని చోట క్లీనరు, దారిన పోయే నలుగురు కలిసి త్రోయవలసి వచ్చేది. పది టన్నుల సరుకు నింపుకున్న బండిని ఎవరు త్రోయగలరు? అంతకంటె ఇంజనును ఆపకుండా ఉంచడమే మేలనుకున్నాడు. ఆనాటికి అది తెలివితక్కువ పని కాదు.

రెండవ కారణం బ్రేకులు. పెద్ద లారీల బ్రేకులు అదిమిన గాలితో పనిచేస్తాయి. ఇంజను నడిపే కంప్రెసరు ఆ గాలిని ట్యాంకులలో నింపుతుంది. గొట్టాలలోనో, కీళ్ళలోనో ఏ కొంచెం లోపమున్నా, ఇంజను ఆగిన కొన్ని గంటలలో గాలి దిగిపోతుంది. గాలి దిగిన బండిని వెంటనే కదపరాదు. అనేక బండ్లలో స్ప్రింగు బ్రేకు పట్టివేసి అసలు కదలనే కదలదు. మళ్ళీ గాలి ఎక్కేవరకు కాచుకొని ఉండవలసిందే. సరుకు దించే చోట వరుసలో నిలిచిన డ్రైవరు, “నా వంతు వచ్చేసరికి గాలి లేకపోతే వెనుకవాడు ముందుకు పోతాడు” అని భయపడతాడు.

మూడవది టర్బోచార్జరు. ఇంజను నుండి వెలువడే పొగ వేగంతో తిరుగుతూ, లోపలికి ఎక్కువ గాలిని నెట్టే చిన్న చక్రమది. నిమిషానికి లక్ష చుట్లకు తగ్గని వేగం అందుకోగలదు. దాని ఇరుసుకు ఆయిలు అందించేది ఇంజనులోని పంపే. ఎత్తెక్కివచ్చిన బండిని ఆపిన మరుక్షణమే ఇంజను కట్టివేస్తే ఆయిలు ఆగిపోతుంది, చక్రం మాత్రం ఇంకా తిరుగుతూ, కాలుతూ ఉంటుంది. అక్కడ మిగిలిన ఆయిలు మాడి గట్టిపడుతుంది. అందువల్ల బాగా బరువు లాగిన బండిని కొద్ది నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపమని తయారీదారులే చెబుతారు. ఈ సలహా సరియైనదే. కాని రెండు మూడు నిమిషాలకు చెప్పిన మాట, నోటినుండి నోటికి ప్రాకి, రెండు మూడు గంటలకు సాకుగా మారింది.

వీటికి తోడు మరొక నమ్మకం కూడ ఉన్నది. “ఊరకే తిరిగే ఇంజను ఏమంత తాగుతుంది?” అన్నది. ఇందులోనూ కొంత నిజమున్నది. పెట్రోలు ఇంజనుతో పోలిస్తే డీజిలు ఇంజను బరువు లేనప్పుడు చాల పొదుపుగా నడుస్తుంది. కాని పొదుపు వేరు, ఉచితం వేరు. ఇంజను పరిమాణాన్ని బట్టి గంటకు ఒకటి మొదలు మూడు లీటర్ల వరకు ఖర్చవుతుంది. తక్కువలో తక్కువగా గంటకు ఒక లీటరు చొప్పున, రోజుకు రెండు గంటలు, ఏడాదికి 300 రోజులని లెక్క వేయండి. 600 లీటర్లు. లీటరు 90 రూపాయల చొప్పున చూసినా 54 వేల రూపాయలు. ఒక్క అడుగు ముందుకు వేయకుండా ఒక్క లారీ కాల్చివేసే సొమ్మిది. కొత్త బ్యాటరీల జత ధర ఇందులో ఎన్నవ వంతో యజమానులు ఆలోచించుకోవాలి.

ఇంజను క్షేమం కోరి ఆపకుండా ఉంచుతున్నామనుకునేవారు గమనించవలసింది మరొకటున్నది. బరువు లేక తిరిగే డీజిలు ఇంజను తగినంత వేడెక్కదు. నూనె పూర్తిగా కాలక మసి కడుతుంది. కాలని నూనె సిలిండరు గోడల వెంట జారి ఆయిలును పలచబరుస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో అమలులోకి వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణాల ప్రకారం తయారైన లారీలకు ఈ బాధ మరింత హెచ్చు. వాటి పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే పొగ ఎంతో వేడిగా ఉండాలి. నిలిచి తిరిగే ఇంజను పొగకు ఆ వేడి ఉండదు. వడపోత పూడుకుపోతుంది. ఆ తరువాత బండి మెకానిక్కు షెడ్డుకు చేరుతుంది. ఏ ఇంజనును కాపాడడానికి ఈ అలవాటు పుట్టిందో, ఆ ఇంజనునే ఇప్పుడు అది పాడుచేస్తున్నది.

ఇక మనుషుల మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 జూనులో డీజిలు పొగను మనుషులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తుల క్యాన్సరుకు అది కారణమవుతుందని నిర్ధారించింది. ఆ పొగ వల్ల బాధపడేది ప్రక్కనున్న ఇళ్ళవారు మాత్రమే కాదు. అందరికంటె దగ్గరగా, అందరికంటె ఎక్కువ కాలం దానిని పీల్చేవాడు ఆ డ్రైవరే. అతని తరువాత క్లీనరు. అటుపైన టీ దుకాణం నడిపే మనిషి.

అయితే కొన్ని బండ్లకు ఇంజను తిరగక తప్పదు. కాంక్రీటు మోసే మిక్సరు లారీ డ్రమ్ము ఆగితే లోపలి కాంక్రీటు గడ్డకడుతుంది. ట్యాంకరు పంపు నడవాలన్నా, క్రేను బరువు ఎత్తాలన్నా ఇంజనే ఆధారం. అది పనిచేయడం, ఊరకే తిరగడం కాదు. ఈ తేడాను గుర్తించకుండా తప్పు పట్టడం న్యాయం కాదు.

ఇదే చిక్కును రైల్వేవారు ఎట్లా విప్పుకున్నారో తెలుసుకుంటే మనకు దారి దొరుకుతుంది. డీజిలు రైలు ఇంజన్లు కూడ యార్డులలో గంటల తరబడి నిలిచి తిరుగుతూ ఉండేవి. కారణాలూ ఇవే: బ్యాటరీ, బ్రేకు గాలి. అలా తిరిగే పెద్ద ఇంజనుకు గంటకు సుమారు 25 లీటర్ల డీజిలు ఖర్చయ్యేది. అప్పుడు రైల్వేవారు డ్రైవర్లను మందలించి ఊరుకోలేదు. పెద్ద ఇంజను ప్రక్కన 25 అశ్వశక్తుల చిన్న ఇంజను ఒకటి అమర్చారు. బండి కొంతసేపు ఊరకే నిలిస్తే పెద్ద ఇంజను ఆగిపోతుంది. చిన్నది లేచి బ్యాటరీని నింపుతుంది, బ్రేకులకు గాలి అందిస్తుంది. దానికి గంటకు 3 లీటర్లు చాలు. భయపడవలసిన అవసరాన్ని తొలగించారు, అలవాటు దానంతట అదే తొలగింది.

లారీ విషయంలోనూ పాత భయాలు చాలవరకు తీరినవే. నేటి ఇంజన్లు మన వాతావరణంలో సులభంగా లేస్తాయి. మంచి బ్యాటరీ, కారని గాలి గొట్టాలు ఉంటే మొదటి రెండు కారణాలు నిలువవు. తీరనిది ఒక్కటే, ఆ మనిషి శరీరబాధ. పగటివేళ భారీ లారీలకు నగరంలో ఆంక్షలు ఉన్నవి. రాత్రి వరకు అతడు ఎక్కడో ఒక చోట కాచుకొని ఉండాలి. చర్లపల్లి చమురు డిపోల వద్దనో, ఏ గోడౌను వద్దనో వంతు కోసం గంటలు గడపాలి. మే నెల ఎండలో ఆ ఇనుప గది కొలిమి వలె ఉంటుంది. రాత్రి అయితే దోమలు. ఫ్యాను తిరగాలన్నా, చల్లదనం కావాలన్నా ఇంజనే దిక్కు. 2025 నుండి కొత్త పెద్ద లారీల క్యాబిన్లకు ఎయిర్ కండిషనింగ్ తప్పనిసరి అయినది. అది ఎంతో మంచి నిర్ణయం. కాని మామూలు అమరికలో ఆ చల్లదనం ఇంజను నుండే రావాలి కనుక, విశ్రాంతికి వేరే ఏర్పాటు లేకపోతే నిలిచిన బండ్ల ఇంజన్లు మరింత ఎక్కువసేపు తిరుగుతాయి.

చట్టాలు లేకపోలేదు. మన 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను ప్రకారం, బహిరంగ స్థలంలో నిలిపిన వాహనంలో లైసెన్సు గల వ్యక్తి డ్రైవరు సీటులో ఉండాలి. లేదా ఇంజను ఆపి, బ్రేకు వేసి ఉంచాలి. ఇంజను తిరుగుతూ ఉండగా టీ త్రాగడానికి దిగిపోవడం చట్టవిరుద్ధమని చాలమందికి తెలియదు. న్యూయార్కు నగరంలో నిలిచిన బండి ఇంజను మూడు నిమిషాలకు మించి తిరగరాదు, బడి ప్రక్కనైతే ఒక్క నిమిషమే. కాలిఫోర్నియాలో పెద్ద డీజిలు బండ్లకు అయిదు నిమిషాల గడువు. అయినా చట్టం డ్రైవరు నుదుటి చెమట తుడవలేదు.

అగ్గిపెట్టె ఇంటింటికీ వచ్చిన తరువాత పొయ్యిమీద నివురు కప్పడం ఎవరూ నిషేధించకుండానే పోయింది. డ్రైవరుకు కూడ అటువంటి ఆధారం కల్పించాలి. యజమాని చేయవలసింది, బ్యాటరీని, గాలి గొట్టాలను చెడకముందే చూసుకోవడం, క్యాబిన్లో బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాను, కిటికీలకు దోమల జాలీ అమర్చడం. గోడౌనుల వారు చేయవలసింది, ఏ లారీ ఏ వేళకు రావాలో ముందుగా తెలియజేయడం, వచ్చినవారికి నీడ, నీరు, నడుము వాల్చడానికి చోటు చూపడం. డ్రైవరు సోదరులు చేయవలసింది, బరువు లాగి వచ్చిన బండికి రెండు మూడు నిమిషాలు వ్యవధి ఇచ్చి తాళం త్రిప్పడం. మూసిన షెడ్డులో మాత్రం ఇంజను నడుపుతూ ఎన్నడూ నిద్రించరాదు, అది ప్రాణాంతకం.

ఇక మన ఇళ్ళవారి మాట. గుమ్మం ముందు లారీ నిలిచినప్పుడు కేకలు వేయడానికి ముందు, “అన్నా, బండి కట్టేసి ఇలా నీడకు వచ్చి కూర్చోరాదా?” అని పిలిచి చూడండి. ఒక చెంబెడు చల్లని నీళ్ళు కూడ ఇస్తే, తాళం త్రిప్పడానికి అతనికి అభ్యంతరం ఉండదు.