ఓడిందా, ఓడించారా? పందెపు నాటకంలో జూదరి, జాకీ

గుర్రప్పందాల నాటకాల్లో, కథల్లో పదే పదే ఎదురయ్యే ఒక జంట గురించి మాట్లాడతాను: పందెం కాసే జూదరి, అతని మాట వినని కుర్ర జాకీ. వీళ్ళను చవకబారు కథల సరుకని తీసిపారేయడం తేలిక. కానీ ఆ కుర్రవాడి మొండితనమే పందేన్ని పందెంగా నిలబెడుతుందనీ, అది లేనిచోట జూదరి తెలివికీ విలువ లేదనీ నా వాదం.

1904లో బ్రాడ్‌వే మీద ఆడిన ‘లిటిల్ జానీ జోన్స్’ చూడండి. జార్జ్ ఎం. కోహన్ తానే రాసి, పాటలు కట్టి, జానీగా నటించిన సంగీత నాటకమిది. అమెరికన్ జాకీ జానీ ఇంగ్లండు డెర్బీలో ‘యాంకీ డూడుల్’ అనే గుర్రాన్ని ఎక్కడానికి వస్తాడు. ఆన్‌స్టీ అనే జూదరి ఓడిపొమ్మని డబ్బు ఆశ చూపుతాడు. జానీ ఒప్పుకోడు. ఇంతవరకూ మామూలే. ఆ తర్వాత, లొంగని జానీ నిజంగానే పందెం ఓడిపోతాడు. కావాలనే ఓడాడని ఆన్‌స్టీ పుకారు లేపుతాడు. దాన్ని ఎలా కాదనడం? స్టాండులోంచి చూసేవాడికి తానుగా ఓడిన గుర్రమూ, కావాలని ఓడించబడిన గుర్రమూ ఒక్కలాగే కనిపిస్తాయి. మలుపు దగ్గర కళ్ళెం రవ్వంత బిగిసిన సంగతి జాకీ చేతికీ గుర్రం నోటికీ తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మైదానం తేల్చలేని ఈ ప్రశ్న దగ్గరే నాటకానికి పని మొదలవుతుంది. సౌతాంప్టన్ రేవులో జానీ ఒంటరిగా నిలబడతాడు. తాను నిర్దోషినని రుజువు దొరికితే ఓడ మీంచి తారాజువ్వ వేస్తారు. దానికోసం చీకట్లోకి చూస్తుంటాడు. పందెం గెలిచిన సంబరం మీద కాక ఈ ఎదురుచూపు మీద సన్నివేశాన్ని నిలబెట్టడం కోహన్ ప్రతిభ అని నేననుకుంటాను.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. జానీ పాత్రకు మూలం టాడ్ స్లోన్ అనే అసలు జాకీ. రికాబులు కురచ చేసి, గుర్రం మెడ మీదికి వంగి స్వారీ చేసే పద్ధతితో ఆయన ఇంగ్లండులో సంచలనం రేపాడు. మొదట నవ్వినవాళ్ళే తర్వాత దాన్ని అనుసరించారు. అయితే తాను స్వారీ చేసే పందేల మీదే డబ్బు కాశాడన్న అభియోగంతో 1901 నుంచి ఆయనకు అక్కడ లైసెన్సు దొరకలేదు. అంటే అసలు మనిషిలో జాకీ, జూదరి ఇద్దరూ ఉన్నారు. కోహన్ పొగరునూ పనితనాన్నీ జానీకిచ్చి, జూదాన్ని ఆన్‌స్టీ నెత్తిన పెట్టాడు. ఇది తప్పును కప్పిపుచ్చడం కాదా? కొంత అవును. కానీ ఇద్దర్నీ విడదీయడం వల్లనే వాళ్ళ మధ్య బేరం మాటల్లో వినిపించింది. వాళ్ళను మళ్ళీ ఒకే ఒంట్లో పెట్టి చూపించినవాడు హెమింగ్వే. 1923లో అచ్చయిన ‘మై ఓల్డ్ మ్యాన్’ కథలో తండ్రి జాకీ. ముందే కుదిరిన పందెం గుట్టు తెలుసుకుని డబ్బు కాస్తాడు, గెలుస్తాడు. కొడుకు మనసంతా మాత్రం ఓడించబడిన జార్ అనే గుర్రం మీదే ఉంటుంది. చివరికి తండ్రి సొంత గుర్రం మీద స్వారీ చేస్తూ పడి చనిపోతే, ఆ పసివాడి చెవిన పడేది తండ్రి దొంగ అన్న మాట. కోహన్ జానీకి తారాజువ్వ దొరికింది. ఈ తండ్రికి అలాంటిదేదీ లేదు.

గుర్రం యజమానిది, ఖర్చు యజమానిది, చెప్పినట్టు చెయ్యక కుర్రాడికి ఈ తిరుగుబాటేమిటని ఇంకొందరు అడుగుతారు. మొదట వెనక ఉండి చివరి మలుపులో ముందుకు తియ్యి అని చెప్పే హక్కు యజమానికీ ట్రైనర్‌కీ ఉంది. గెలవొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మన సుప్రీంకోర్టు 1996లో లక్ష్మణన్ కేసులో గుర్రప్పందాన్ని నైపుణ్యంతో కూడిన ఆటగా నిర్ధారించింది. గుర్రం వేగం, దానికిచ్చిన శిక్షణ, జాకీ నేర్పు అదృష్టం కంటే ఎక్కువ పనిచేస్తాయన్నది ఆ తీర్పు ఆధారం. హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో పందెంరాయుడు గుర్రం పాత ఫలితాలూ మోసే బరువూ జాకీ చరిత్రా లెక్కగట్టి డబ్బు పెట్టడం కూడా ఆ నమ్మకంతోనే. జాకీ అమ్ముడుపోతే ఆ లెక్కలన్నీ చిత్తుకాగితాలు. కాబట్టి ఆన్‌స్టీని ధిక్కరించే జానీ స్టాండులోని వేలమంది జూదరుల పక్షాన కూడా నిలబడుతున్నాడు. ఆన్‌స్టీ నిజానికి జూదరే కాదు. ఫలితం ముందే కొనుక్కునేవాడు దేన్ని పణం పెడుతున్నాడు?

ఈ జంట మనకు పరాయిదని ఎవరైనా అంటే, భారతంలో నలోపాఖ్యానం చదవమంటాను. నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వ భాగంలోనే అది ఉంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో సారథిగా ఋతుపర్ణుడనే రాజు కొలువులో చేరతాడు. నలుడి భార్య దమయంతి రెండో స్వయంవరానికి రథం దూసుకుపోతుంటే, దారిలో తాండ్రచెట్టును చూసి రాజు ఆకులూ కాయలూ లెక్కచెబుతాడు. వ్యాసభారతం ప్రకారం రెండు కొమ్మల్లో కాయలు 2095. ప్రాచీనులు పాచికలుగా వాడింది ఆ తాండ్రకాయలనే! బాహుకుడు రథం ఆపేస్తాడు, లెక్కపెట్టి చూడందే కదలనంటాడు. తొందరలో ఉన్న రాజు బతిమాలతాడు. అలా తోలగలవాడు వేరే లేడు మరి. చెట్టు కొట్టి లెక్కిస్తే సంఖ్య సరిపోతుంది. అప్పుడు రాజు తన అక్షహృదయాన్ని, అంటే పాచికల విద్యను ఇస్తాడు, బదులుగా నలుడి అశ్వహృదయం, అంటే గుర్రాల విద్య అతనికి రావాలి. జూదం తెలిసినవాడికీ గుర్రం తెలిసినవాడికీ సమానుల మధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకోవడమిది. ఆన్‌స్టీ జానీకి ఇవ్వజూపినది ధర మాత్రమే. నలుణ్ణి ఆవహించి జూదంలో ఓడించిన కలి అతణ్ణి వదిలిపోయేది, రాజ్యం గెలుచుకున్న పుష్కరుడి మీద తిరిగి గెలిచాక కాదు. దమయంతినీ రాజ్యాన్నీ ఇంకా తిరిగి పొందకముందే, సారథి పగ్గాలు బిగించి రథం ఆపిన ఆ చెట్టు దగ్గరే వదిలిపోతాడు.