తెర లాగేది ఎవరు?

మన ఊళ్లో నాటకం కరపత్రం చేతికి వస్తే మొదట ఏం చూస్తాం? కృష్ణుడెవరు, దుర్యోధనుడెవరు, హార్మోనియం ఎవరు అని చూస్తాం. తెర ఎవరు లాగుతారని ఎవరూ అడగరు. ఆ రాత్రి తెర సగంలో ఇరుక్కుంటే మాత్రం హాలంతా అదే అడుగుతుంది. ఈవేళ నేను ఆ మనిషిని గురించీ, అతని వెంట ఉండవలసిన నలుగురిని గురించీ నాలుగు మాటలు మనవి చేస్తాను. అతన్ని స్టేజి మేనేజరు అంటారు. రంగస్థల నిర్వాహకుడు అన్నా సరే. పేరు ఏదైనా పెట్టుకోండి, మనిషంటూ ఒకరు ఉండాలి.

బళ్లారి వైపు వారికి నాటకం గురించి చెప్పబోవడం కొంచెం సాహసమే. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరస వినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ పక్కపక్కనే వర్ధిల్లిన ఊరు అది. బళ్లారి రాఘవగారి ఊరు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. హద్దు జరిగింది గాని నాటకం మీద మోజు జరగలేదు. అయితే ఇంత చరిత్రలో రాసినవారి పేర్లు, ఆడినవారి పేర్లు మనకు కంఠతా వచ్చు. రాఘవగారు వేదిక మీద నిలబడి ఉండగా పక్కన తాడు పట్టుకుని నిలబడినవాడి పేరు ఒక్కటైనా నోటికి వస్తుందా?

భరతముని ఈ విషయంలో మనకంటే నయం. నాట్యశాస్త్రంలో నాటక బృందాన్ని చెబుతూ సూత్రధారుడితో ఆగలేదు. కిరీటాలు చేసేవాడు, నగలు చేసేవాడు, మాలలు కట్టేవాడు, చిత్రకారుడు, చివరికి బట్టలు ఉతికే రజకుడు కూడా ఆ లెక్కలో ఉన్నారు. మనం ఊరికే వాడే ‘నేపథ్యం’ అన్న మాటకు అసలు అర్థం తెర వెనక వేషాలు వేసుకునే చోటు.

ఇరవై ఏళ్ల కిందట మేమొక ఉగాదికి సాంఘిక నాటకం వేశాం. అందరం ఉద్యోగస్థులం, సాయంత్రం పూట కలిసి రిహార్సలు చేసేవాళ్లం. పనులు అందరం చూసుకుందాం అనుకున్నాం. రెండో రంగం అయింది, లైట్లు ఆర్పారు. తండ్రి వేషం వేసిన పెద్దాయన చీకట్లో సైడ్ వింగ్ వైపు దిగబోయారు. అక్కడ ఉండవలసిన మెట్టుబల్ల లేదు. సోఫా లోపలికి తేవడానికి అడ్డంగా ఉందని ఎవరో పక్కకు జరిపారు. ఆయన మణికట్టు విరిగింది, నాటకం అక్కడితో ఆగింది. బల్ల జరిపింది ఎవరని ఎంత అడిగినా తేలలేదు. నిజానికి తప్పు జరిపినవాడిది కాదు. తిరిగి దాని చోట పెట్టవలసిన మనిషిని మేము నియమించనే లేదు. ఆ పెద్దాయన మళ్లీ వేషం కట్టలేదు.

సురభివారికి ఈ బాధ అంతగా ఉండేది కాదేమో అనిపిస్తుంది నాకు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల్లో పిల్లలు తెరల మధ్యనే పుట్టి పెరిగారు. మాయాబజారులో ఏ తీగ ఎప్పుడు లాగాలో వారికి ఎవరూ రాసివ్వనక్కరలేదు. మనం అలా కాదు. పొద్దున ఆఫీసు, సాయంత్రం నాటకం. అందుకే మనం రాసిపెట్టుకోవాలి.

ఆ రాసిపెట్టుకునే పుస్తకమే నిర్వాహకుడికి ప్రాణం. నాటకం ప్రతి ఒక పుట, ఎదురుగా ఒక ఖాళీ పుట ఉండేలా కుట్టించుకోండి. మొదటి రిహార్సల్ నుంచి దర్శకుడు చెప్పినదంతా ఆ ఖాళీ పుటలోకి ఎక్కాలి. ఎవరు ఎటునుంచి వస్తారు, ఏ మాట దగ్గర కూర్చుంటారు, ఏ మాట దగ్గర లైటు తగ్గాలి, తలుపు చప్పుడు ఎప్పుడు రావాలి. పెన్నుతో వద్దు, పెన్సిలుతో రాయండి. దర్శకులు మాట మార్చకుండా ఉండరు గదా! నాటకం రోజున దర్శకుడు వెళ్లి ప్రేక్షకుల్లో కూర్చోవాలి. మొదటి గంట కొట్టింది మొదలు లోపల నడిచేది నిర్వాహకుడి మాటే. లైట్ల మనిషికి ఒక్కసారిగా ‘వెయ్’ అంటే కంగారు పడతాడు. ముందు ‘సిద్ధం’ అనాలి, రెండు క్షణాలు ఆగి ‘వెయ్’ అనాలి. ఈ రెండు మాటల మధ్యనే నాటకం నిలబడి ఉంటుంది. అతనికి వేషం మాత్రం ఇవ్వకండి. చిన్న వేషమే గదా అని గడ్డం అంటించారో, ఆ ఐదు నిమిషాలూ పడవకు చుక్కాని పట్టేవాడు ఉండడు.

అతనికి ఇద్దరు సహాయకులుంటే చాలు, వేదికకు అటొకరు, ఇటొకరు. సామాను వారి బాధ్యత. సైడ్ వింగ్‌లో ఒక బల్ల వేసి, పైన తెల్లకాగితం పరచి, ప్రతి వస్తువు చుట్టూ గీత గీయండి. కళ్లజోడు, ఉత్తరం, మందుసీసా, చేతికర్ర. గీత ఖాళీగా కనిపించిందంటే వస్తువు రాలేదన్నమాట. నటులు కళ్లజోడు జేబులో వేసుకుని ఇంటికి పోతారు, అది వారి జన్మహక్కు. మెట్ల అంచులకు తెల్లటి టేపు అంటించడం, వైర్లు కాలికి తగలకుండా అదిమిపెట్టడం, ఇసుక బకెట్టు చూసుకోవడం కూడా ఈ ఇద్దరి పనే. ప్రాంప్టింగ్ గురించి ఒక్కమాటే చెబుతాను: అది నటుడికి వినబడాలి, మూడో వరుసకు కాదు.

మరి ఈ పనికి మనుషులెక్కడ అంటారా? మీ ఇంట్లోనే ఉన్నారు. కన్నడ బడిలోనో, తమిళ బడిలోనో, ఒడియా బడిలోనో, మరాఠీ బడిలోనో చదివిన మన పిల్లలకు ఇంట్లో తెలుగు వచ్చు, లిపి రాదు. సంభాషణ చదవలేరని వారిని నాటకానికి పిలవడమే మానేశాం. మా దగ్గరికి అలాంటి కుర్రవాడొకడు వచ్చాడు. ప్రతి చేతికిస్తే తల వంచుకున్నాడు.

“మామా, నాకు తెలుగు చదివేదానికి రాదు. మీరు చెప్తా పోండి, కన్నడంలో రాసుకుంటా” అన్నాడు.

వారం రోజులు నేను చదివాను, వాడు రాశాడు. తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు. ఆ నెల తిరిగేసరికి నాటకంలో ఏ మాట తరవాత ఏ మాటో నటులకంటే వాడికే బాగా తెలుసు.

ప్రదర్శన అయిన రాత్రి నిర్వాహకుడు ఒక నివేదిక రాయాలి, ఎంతసేపు పట్టింది, ఏది తప్పింది అని. అందరూ భోజనాలకు వెళ్లాక వాడొక్కడే సామాను బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాడు. చదివి వినిపించమన్నాను. మూడే వాక్యాలు. రెండో రంగం నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది. కళ్లజోడు పెట్టెలో ఉంది. మెట్టుబల్ల కదలలేదు.