పాత కటింగ్ మిషను: మా సంఘం చేసిన తీర్మానం

మమ్మల్ని లాభం గురించి చెప్పమన్నారు. లాభం ఇంకా రాలేదు. ఒక మిషను గురించి చెబుతాము.

మేము పది మందిమి. కాగితం కవర్లు, నోటు పుస్తకాలు, ఫైలు అట్టలు చేస్తాము. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్ సంచులు వాడకూడదని రూలు వచ్చింది కదా, ఆ తర్వాత మందుల షాపుల వాళ్లు, బట్టల కొట్ల వాళ్లు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. పనికి లోటు లేదు, కత్తిరించటమే కష్టం. ఇనుప స్కేలు పెట్టి బ్లేడుతో కోస్తే ఒకసారికి నాలుగైదు కాగితాలే తెగుతాయి, అంచు వంకర పోతుంది. టౌనులో ప్రెస్సుకు తీసుకెళ్తే వాళ్ల పని అయ్యాకే మన పని. రీములు ఆటోలో వేసుకుని పొద్దున పోయిన ఇద్దరం దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాళ్లం. ఆ రోజు ఇద్దరి కూలీ పోయినట్టే.

అప్పుడు, మూతపడిన ఒక ప్రెస్సులో చేతితో నడిపే కటింగ్ మిషను ఉందని తెలిసింది. ఆ పెద్దాయన "పాత ఇనుము తూకం లెక్కనే తీసుకోండమ్మా" అన్నారు. వెళ్లి చూశాం. పోత ఇనుము ఒళ్లు గట్టిగా ఉంది, ఎక్కడా పగులు లేదు. కత్తికి తుప్పు పట్టింది గానీ సాన పట్టిస్తే పోతుంది. లేనివి నాలుగు.

కత్తి దిగే చోట బల్లలో ఉండే కర్రపట్టీ లేదు. అది లేకపోతే అడుగు కాగితాలు తెగవు, కత్తి మొద్దుబారుతుంది. ఇది మన వడ్రంగి చేస్తాడు, ఒక పక్క అరిగితే ఇంకో పక్కకు తిప్పి వాడుకోవచ్చు. కాగితాన్ని కొలతకు ఆపే వెనక గేజి లేదు. కట్టను అదిమిపట్టే క్లాంపు ఉంది గానీ దాన్ని తిప్పే చక్రం లేదు. కట్ట బిగువుగా లేకపోతే పై కాగితం ఒక సైజు, కింది కాగితం ఒక సైజు వస్తాయి. నాలుగోది, లీవరు పైకి ఎత్తినప్పుడు కత్తి తనంతట తాను జారకుండా పట్టుకునే లాకు.

మెకానిక్కు మొదటి మూడింటికి లెక్క కట్టి, "లాకు లేకపోయినా నడుస్తుంది. ఉన్న వాళ్లే తీసేసి నడుపుతారు, పని స్పీడవుతుంది" అన్నాడు. డబ్బు కూడా తగ్గుతుంది. నిజం చెప్పాలంటే మాలో తొమ్మిది మందిమి సరేనన్నాం. తీర్మానం రాసి సంతకాలు కూడా పెట్టేశాం.

ఒక చెల్లెలు పెట్టలేదు. రెండు వారాలుగా మీటింగులో నోరు మెదపని మనిషి. "మా మామయ్య చెయ్యి మీరంతా చూశారుగా అక్కా" అంది. ఆయన ప్రెస్సులో కటింగ్ చేసి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. "అన్నం కలుపుకుంటుంటే చూస్తాను రోజూ. మీ ఇష్టం, నేను మాత్రం పెట్టను" అని పుస్తకం పక్కకు జరిపింది. కొందరికి కోపం వచ్చింది. మాకూ వచ్చింది.

సరే, ఇంకోసారి చూద్దామని మళ్లీ వెళ్లాం. ఒక అరటి బోదె ముక్క కత్తి కింద పెట్టి, లీవరు పైకి ఎత్తి వదిలాం. కాసేపు నిలిచింది. ఎవరో పక్కనుంచి పోతూ బల్లకు తగిలారు. అంతే, లీవరు దబ్బున పడింది. తుప్పు కత్తే, అయినా బోదె రెండు ముక్కలైంది. ఎవరమూ మాట్లాడలేదు.

పాత తీర్మానం కొట్టేసి కొత్తది రాశాం. ముందు లాకు, తర్వాతే మిగతా మూడూ. లాకు బిగించి చూపించే దాకా సంఘం నుంచి మెకానిక్కుకు పైసా ఇవ్వకూడదు. కాగితం సర్దే మనిషే లీవరు దించాలి, ఒకరు సర్దుతుంటే ఇంకొకరు దించకూడదు. ఇవన్నీ మా బుక్ కీపర్ పుస్తకంలో రాసింది.

దీనివల్ల నష్టం లేదని అనము. లేత్ షాపులో చేసిన మొదటి లాకు సరిపోలేదు. అలాంటిదే మిషను ఇంకో చోట ఉంటే వెళ్లి కొలతలు తెచ్చి రెండోది చేయిస్తున్నాం. ఈలోగా జూన్ వచ్చేసింది, బడులు తెరిచే నాటి నోటు పుస్తకాల ఆర్డరు చేజారింది. "ఆ లాకు గోల లేకపోతే ఈపాటికి అప్పు సగం తీరేది" అని ఇప్పటికీ ఇద్దరు అంటూనే ఉన్నారు. వాళ్ల లెక్క తప్పని మేము అనలేము.

మిషను ఇప్పుడు మా సభ్యురాలి వసారాలో ఉంది. పిల్లలు తిరిగే చోటు కాబట్టి కత్తి విప్పి, రెండు చెక్కల మధ్య పెట్టి మేకులు కొట్టాం. కొత్త తీర్మానంలో తొమ్మిది సంతకాలే ఉన్నాయి. లాకు బిగించాక లీవరు ఎత్తి, తానే బల్లను తన్ని చూసి, అప్పుడు పెడతానని ఆ చెల్లెలు అంది. ఆ పదో గడి ఖాళీగానే ఉంచాం.