మోసము – మనస్సు – మెలకువ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



పూర్వము దొంగ గోడకు కన్నము వేసెడివాడు. నేటి దొంగ ఇంటివారి చేతనే తలుపు తీయించుచున్నాడు. ఆ తలుపు సెల్‌ఫోను. దాని తాళపుచెవి ఓటీపీ. సైబరు దొంగకు యంత్రవిద్య కొంచెమే యున్నను, మనుష్యుల మనస్సును చదువు విద్య మాత్రము మెండుగా నున్నది.

హితోపదేశమున ముసలిపులి కథ కలదు. బంగారు కడియము చూపి, స్నానము చేసి వచ్చి పుచ్చుకొమ్మని పులి పిలిచెను. పులి క్రూరజంతువని బాటసారి యెరుగడా? ఎరుగును. అయినను ఆశ యా యెరుకను కప్పివైచెను; చెరువు బురదలో దిగబడి ప్రాణము కోల్పోయెను. నేడును అంతే. వీడియోలో పోలీసు వేషముతో కనబడి ‘డిజిటల్ అరెస్టు’ అని బెదరించువాడు భయమును పట్టుకొనును. పీఎం కిసాన్ సొమ్మని చెప్పి, నొక్కినంతనే ఫోనును పరాధీనము చేయు ఫైలు పంపువాడు ఆశను పట్టుకొనును. మన చట్టమున డిజిటల్ అరెస్టు లేదు. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ను అక్కరలేదు. ఈ సంగతులు తెలిసినవారును కంగారులో మరచుచున్నారు.

కావున ‘జాగ్రత్త’ యని గోడమీద వ్రాసినంత మాత్రమున చాలదు. విష్ణుశర్మ రాజకుమారులకు శాస్త్రములు వల్లె వేయింపలేదు, కథలు చెప్పెను. 1960 ప్రాంతమున విలియం మెక్‌గైర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు, టీకావలె వాదమును ముందుగా కొద్ది మోతాదున రుచి చూపినచో మనస్సు దానిని ఎదుర్కొనగలదని చూపెను. గ్రంథాలయమున నెలకొకనాడు దొంగ సందేశము నొకదానిని చదివి వినిపించి, దొంగ ఫోనును ఇద్దరు నటించి చూపినచో అదియే టీకా.

రెండవది అలవాటు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఆగుము, ఆలోచింపుము, పిమ్మట చర్య తీసికొనుము అని మూడు మెట్లు చెప్పిరి. సొమ్మడుగు ఫోను వచ్చినచో పెట్టివేసి ఇంట నొకరి నడుగవలెనని ప్రతి కుటుంబమును ముందే కట్టడి చేసికొనవలయును. విత్తునాడే విత్తనశుద్ధి చేయు మిరప రైతునకు ఈ మాట విడమరచి చెప్ప నక్కరలేదు.

మూడవది సిగ్గు పోగొట్టుట. బ్రహ్మనాయని వంటి ధీమంతుడే కోడిపోరు పందెమున నోడగా, మాచెర్లవారు ఏడేండ్లు వలస పోయిరని పల్నాటి వీరకథ చెప్పుచున్నది. తెలివిగలవారు మోసపోరనుట వట్టిమాట. మోసపోయినవానిని చూచి ఊరు నవ్వినచో వాడు దాచును. దాచిన కొలది సొమ్ము ఖాతా వెంట ఖాతా దాటిపోవును. తత్‌క్షణమే 1930కి తెలిపినచో దానిని మధ్యలో నిలుపు అవకాశముండును.

ఇరువదియైదేండ్లుగా చదువరులను చేరదీసిన యీ గ్రంథాలయము ఇకమీదట ఈ మర్యాదను కూడ నేర్పుగాక. పొరుగువాడు మోసపోయినపుడు మన మొదటిమాట ‘ఎట్లు నమ్మితివి?’ అని కారాదు, ‘1930కి చేసితివా?’ అని కావలయును.