మూడు దినములు – ఒక చిన్న అక్షరము
(రేడియో వర్తమానము)

  పనిపాటలు ముగించుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని వింటున్న వారికి, ఆసుపత్రి మంచం మీద నుండి వింటున్న వారికి, రాత్రి కాపలా కాస్తూ చెవి దగ్గర రేడియో పెట్టుకున్న సహోదరులకు, ఈ కొద్ది నిమిషములు దేవుడు దీవెనకరముగా చేయును గాక.

అక్టోబరు నెల చివరి వారములో ఉన్నాము. గోడకున్న క్యాలెండరులో ఈ వారము చూడడానికి మామూలుగానే ఉంటుంది. అయితే ఈ వారములోని మూడు తేదీలు చరిత్రలో మూడు పాఠాలు వ్రాసిపెట్టి వెళ్ళాయి. యాకోబు భక్తుడు తన పత్రిక మొదటి అధ్యాయము 19వ వచనములో విశ్వాసికి మూడు సంగతులు చెప్పాడు. వినడానికి త్వరపడాలి, మాట్లాడడానికి తొందరపడకూడదు, కోపానికి అసలే తొందరపడకూడదు. ఆ మూడింటినీ ఈ మూడు తేదీలలో, క్రమము కొంచెము మార్చి, ధ్యానము చేద్దాము.

మొదటిది, వినుట.

1938 అక్టోబరు 30, ఆదివారము. అమెరికా దేశము న్యూయార్కు నగరములో రాత్రి ఎనిమిది గంటలు. సి.బి.ఎస్. రేడియోలో ఒక నాటకము మొదలైంది. దానిని నడిపించినవాడు ఆర్సన్ వెల్స్ అనే 23 ఏళ్ళ యువకుడు. ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1898లో పుస్తకముగా వెలువరించిన నవల దానికి ఆధారము. అంగారక గ్రహము నుండి వింతజీవులు భూమి మీదికి దండెత్తి వచ్చినట్టు కథ. కాని ఆ నాటకాన్ని నాటకములా కాక వార్తల్లా తయారుచేశారు. సంగీతము వస్తూ ఉంటుంది. మధ్యలో ఆపి, "ఇప్పుడే అందిన వార్త" అంటారు. న్యూజెర్సీ రాష్ట్రములోని గ్రోవర్స్ మిల్ అనే పల్లెలో ఏదో ఆకాశము నుండి పడిందంటారు. విలేకరి అక్కడ నుండి మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే గొంతు ఆగిపోతుంది. తరువాత నిశ్శబ్దము.

ఇది నాటకమని మొదట్లోనే చెప్పారు. కాని ఆలస్యముగా రేడియో పెట్టినవారు ఆ మాట వినలేదు. అంతకు ముందు నెలలోనే ఐరోపాలో యుద్ధము వస్తుందేమోనన్న భయముతో రేడియోవారు నిజముగానే కార్యక్రమాలు ఆపి వార్తలు చదివారు. చెవులు దానికి అలవాటుపడి ఉన్నాయి. కొందరు హడలిపోయారు. పోలీసు స్టేషన్లకు, పత్రికా కార్యాలయాలకు ఫోన్లు మ్రోగాయి. మరుసటి ఉదయము పత్రికలు దేశమంతా గగ్గోలెత్తిపోయిందని పెద్ద అక్షరాలతో వేశాయి.

శ్రోతలారా, నేను కూడా ఈ కథను చాలా కూటములలో చెప్పాను. "విచారించకుండా నమ్మి దేశమంతా పరుగులు తీసింది" అని పీఠము మీద నుండి గట్టిగా చెప్పాను. తరువాత చరిత్రకారులు పరిశీలించి తేల్చినది చదివి సిగ్గుపడ్డాను. ఆ రాత్రే ఒక సంస్థ సుమారు 5,000 ఇండ్లకు ఫోను చేసి మీరేమి వింటున్నారని అడిగింది. ఈ కార్యక్రమము వింటున్నామన్నవారు నూటికి ఇద్దరే! ఎక్కువమంది వేరొక స్టేషనులో హాస్య కార్యక్రమము వింటున్నారు. భయపడినవారు ఉన్నమాట నిజమే గాని, దేశమంతా కాదు. ఆ రోజుల్లో ప్రకటనల డబ్బు పత్రికల నుండి రేడియోకు తరలిపోతూ ఉంది. రేడియోను నమ్మరాదని చూపించడానికి పత్రికలకు అది మంచి అవకాశమైంది. చూడండి ఎంత విచిత్రమో! విచారించకుండా నమ్మిన మనుషుల కథను మనము ఎన్నో ఏండ్లు విచారించకుండానే నమ్మాము.

మన తెలుగు భాషలో ఒక చిన్న అక్షరమున్నది. 'ట'. "వచ్చాడు" అంటే నేను చూశాను. "వచ్చాడట" అంటే ఎవరో చెప్పగా విన్నాను. ఇతరుల మీద ఏదైనా చెప్పాలనుకున్నప్పుడు ఆ ఒక్క అక్షరము తగిలించి మనము తప్పుకుంటాము. "నేనన్నానా? అట అన్నాను గదా!" అంటాము.

నా సంగతి చెప్తాను. చాలా ఏండ్ల క్రితము మా సంఘములో కోత పండుగ జరిగింది. బియ్యము, కూరగాయలు, కోళ్ళు వేలము వేశారు. సొమ్ము చూసే పెద్దాయన రెండు వారాలైనా లెక్క చదవలేదు. ఒక సాయంత్రము టీ కొట్టు దగ్గర నలుగురము నిలుచున్నప్పుడు, నేను నవ్వుతూ, "లెక్క తేలలేదట" అన్నాను. అంతే. గ్లాసు క్రింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

నా నోట బయలుదేరిన మాటకు 'ట' ఉంది. చెరువు గట్టు దాటేసరికి ఆ 'ట' రాలిపోయింది. "లెక్క తేలలేదు" అయింది. రెండో వీధికి వెళ్ళేసరికి "తినేశాడు" అయింది. మూడవ ఆదివారము ఆయన గుడికి రాలేదు. ఆయన భార్య వచ్చి, వెనుక వరుసలో కూర్చుని, బల్లకు రాకుండానే వెళ్ళిపోయింది. ఆ తరువాత తెలిసింది, ఆయన కుమార్తెకు ప్రసవము కష్టమై పట్నములో ఆసుపత్రి దగ్గర ఉండిపోయాడు. లెక్క పుస్తకము పైసాతో సహా సరిగ్గానే ఉంది. ఈ కథ మిగిలిన భాగము చివర చెప్తాను.

రెండవది, కోపానికి తొందరపడకుండుట.

1962 అక్టోబరు 27, శనివారము. పెద్దవారికి ఆ రోజులు జ్ఞాపకముండవచ్చు. ఆ నెల 20వ తేదీన మన సరిహద్దులో చైనాతో యుద్ధము మొదలైంది. ఇక్కడ మనవాళ్ళు రేడియోకు చెవులప్పగించి ఉన్న ఆ దినాలలోనే, భూగోళానికి అవతలి ప్రక్క క్యూబా దేశములో సోవియట్ రష్యా క్షిపణులు పెట్టిందని అమెరికా సముద్రము చుట్టూ ఓడలు మోహరించింది.

ఆ సముద్రము అడుగున బి-59 అనే రష్యా జలాంతర్గామి ఉంది. చలి సముద్రాలకోసము కట్టిన ఓడ అది. వెచ్చని నీళ్ళలోకి వచ్చేసరికి లోపల వేడి 45 డిగ్రీలు దాటింది. గాలి చెడిపోయింది. బ్యాటరీలు అడుగంటాయి. నాయకులతో సంబంధము తెగిపోయింది. పైన అమెరికా ఓడలు దానిని పైకి రప్పించడానికి చిన్న పేలుడు గుండ్లు వదులుతున్నాయి. అవి హెచ్చరిక గుండ్లేనని లోపలివారికి తెలియదు. ఇనుప పీపాలో కూర్చోబెట్టి బయటినుండి సమ్మెటతో కొట్టినట్టుండెనని లోపలున్న ఒక అధికారి తరువాత వర్ణించాడు. ఆ ఓడలో ఒక అణు టార్పెడో ఉంది. ఆ సంగతి పైనున్న అమెరికా వారికి తెలియదు.

ఆ అధికారి చెప్పినదాని ప్రకారము, ఓడ కెప్టెనుకు సహనము నశించింది. పైన యుద్ధము ఎప్పుడో మొదలై ఉంటుందనుకున్నాడు. అణు టార్పెడో సిద్ధము చేయమన్నాడు. అప్పుడు ప్రక్కనున్న వసీలీ అర్కిపోవ్ అనే 36 ఏళ్ళ అధికారి ఒప్పుకోలేదు. కేకలు వేయలేదు. కెప్టెనును అవమానపరచలేదు. నెమ్మదిగా మాట్లాడి శాంతపరచాడు. ఓడ పైకి తేలింది. చుట్టూ శత్రువు ఓడలు, దీపాలు. కాని యుద్ధము లేదు! మరునాడు 28వ తేదీన, ఉత్తరము మామూలు దారిలో పంపితే ఆలస్యమవుతుందని, క్షిపణులు తీసివేస్తామన్న సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ జవాబును మాస్కో రేడియోలో చదివించారు. లోకము ఊపిరి పీల్చుకుంది.

ఈ అర్కిపోవ్ అంతకు ముందు సంవత్సరము, 1961 జూలైలో, కె-19 అనే మరొక జలాంతర్గామిలో ఉన్నాడు. దాని అణు యంత్రము చెడిపోయి, బాగుచేయడానికి వెళ్ళిన నావికులు రేడియో ధార్మికతకు గురై కొద్ది దినములలోనే చనిపోయారు. అణుశక్తి మనిషిని ఏమి చేస్తుందో కళ్ళారా చూసినవాడు గనుకనే, కోపములో మీట నొక్కడము ఎంత సులభమో, దాని వెల ఎంతో అతనికి తెలిసి ఉంటుందని నేననుకుంటాను. 1998లో ఆయన చనిపోయాడు. ఆయన చేసినది 2002లో గాని లోకానికి బాగా తెలియలేదు. నలభై ఏండ్లు! చేసిన పొరపాటు నలభై నిమిషాల్లో ఊరంతా తెలుస్తుంది. చేయకుండా ఆపిన కీడుకు చప్పట్లుండవు. అయినా అది దేవుని లెక్కలో ఉంటుంది.

సహోదరీ, సహోదరుడా, మీ ఇల్లు కూడా ఒక్కొక్కప్పుడు ఆ ఓడలా ఉండదా? ఉక్కపోత, అప్పులు, నిద్రలేమి. బయట ఎవరో ఒక చిన్న చప్పుడు చేస్తారు. అది హెచ్చరికో, యుద్ధమో విచారించము. నోటి దగ్గర టార్పెడో సిద్ధముగా ఉంటుంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు ఊరకే అనలేదు. ఆ గడియలో ఇంటిలో ఒక్కరు నెమ్మదిగా ఉంటే చాలు.

మూడవది, మాట్లాడుట.

అయితే ఎప్పుడూ నోరు మూసుకుని ఉండడమేనా భక్తి? కాదు. యాకోబు నిదానముగా మాట్లాడమన్నాడు గాని మాట్లాడవద్దనలేదు.

1517 అక్టోబరు 31. జర్మనీలోని విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథరు అనే 33 ఏళ్ళ సన్యాసి, విశ్వవిద్యాలయ బోధకుడు. ఆ దినాలలో పాపపరిహార పత్రములు డబ్బుకు అమ్ముతున్నారు. రోములో పరిశుద్ధ పేతురు దేవాలయము కట్టడానికని చెప్పారు. కాని అందులో సగము మైంజ్ ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు చేసిన అప్పు తీర్చడానికి పోతుందన్నది ప్రజలకు తెలియదు. బీదలు కూటికి దాచుకున్న కాసులు ఇచ్చి పత్రాలు కొంటున్నారు. లూథరు లాటిను భాషలో 95 వాక్యములు వ్రాశాడు.

వాటిని గుడి తలుపుకు మేకులతో కొట్టాడని మనము బొమ్మల్లో చూస్తాము. కొట్టాడో లేదో చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. కాని ఒకటి నిశ్చయము. ఆ తేదీ వేసి ఆయన ఆర్చిబిషప్పుకు ఒక ఉత్తరము వ్రాశాడు. ఆ ఉత్తరము నేటికీ భద్రముగా ఉంది. "అమ్ముతున్నారట" అని టీ కొట్టు దగ్గర చెప్పినట్టు చెప్పలేదు. ఎవరు దిద్దగలరో వారికే, తన సంతకము పెట్టి వ్రాశాడు. ఆ ఉత్తరములో 'ట' లేదు. తరువాత అచ్చుయంత్రము ఆ మాటలను ఐరోపా అంతటికీ మోసుకుపోయింది. 1842లో ఫాదర్ హయ్యరుగారు గుంటూరు వచ్చి లూథరన్ మిషను ప్రారంభించడములో కూడా ఆ దినపు ప్రతిధ్వని ఉంది.

ఇక్కడ ఒక సత్యము దాచకూడదు. అదే లూథరు 1543లో యూదుల మీద మిక్కిలి కఠినమైన, ద్వేషముతో నిండిన పుస్తకము వ్రాశాడు. ఆ మాటలను తరువాతి తరములవారు ఎంతో కీడుకు వాడుకున్నారు. ఆయన పేరు పెట్టుకున్న సంఘాలే వాటిని తప్పని ఒప్పుకున్నాయి. ఒకప్పుడు సరిగా మాట్లాడిన నోరు ఎల్లప్పుడూ సరిగా మాట్లాడునన్న హామీ లేదు. పీఠము మీద నిలిచే మాకు ఇది మొదటి హెచ్చరిక.

మరొక మంచి సంగతి. 1999లో, అదే అక్టోబరు 31న, జర్మనీలోని ఆగ్స్‌బర్గులో లూథరన్ ప్రపంచ సమాఖ్యవారు, రోమను కాథలిక్కు సంఘమువారు ఒకే బల్ల దగ్గర కూర్చుని, కృపచేత నీతిమంతులుగా తీర్చబడుటను గూర్చి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకములు చేశారు. 482 సంవత్సరములు పట్టింది. విరిగిన మాట అతకడానికి అంత కాలము!

ఇక నా కథ. లెక్క సరిగ్గానే ఉందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి ఆయన ఇంటికి వెళ్ళాను. "అన్నా, ఆ మాట మొదట అన్నది నేనే. క్షమించు" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "క్షమించడానికేముంది తమ్ముడూ. కాని నా దగ్గర చెబితే ఏమి లాభము? ఎక్కడన్నావో అక్కడ చెప్పు" అన్నాడు.

ఆ మాట నాకు జక్కయ్యను జ్ఞాపకము చేసింది. అన్యాయముగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. డబ్బు నాలుగంతలు ఇవ్వవచ్చు. మాటను ఎలా ఇవ్వాలి? ఆ సాయంత్రము టీ కొట్టు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆదివారము గుడిలో నిలబడి చెప్పాను. ఆయన తిరిగి గుడికి వచ్చాడు. నా ప్రక్కనే కూర్చుని పాట పాడాడు. కాని చనిపోయే దినము వరకు కానుక పెట్టె తాళము మాత్రము మళ్ళీ చేత పట్టలేదు. ఎంత బ్రతిమాలినా, "వద్దు తమ్ముడూ" అనేవాడు. క్షమాపణ దొరికింది. తాళము చెవి తిరిగి వెళ్ళలేదు.

ఈనాడు టీ కొట్టు మన జేబులోనే ఉంది. ఫోనులో వచ్చినది చదవకముందే నలుగురికి పంపుతున్నాము. కనుక ఈ వారము ఒక పని చేద్దాము. పంపబోయే ముందు, చెప్పబోయే ముందు, ఇది చూశానా, విన్నానా అని అడుగుకుందాము. కోపము వస్తే లేచి ఒక గ్లాసు నీళ్ళు త్రాగుదాము. చెప్పవలసినదుంటే చాటున కాక, ఆ మనిషి ముఖము ఎదుటనే ప్రేమతో చెబుదాము. ఇదివరకే ఎవరినైనా గాయపరచి ఉంటే, ఎక్కడన్నామో అక్కడికే వెళ్దాము. ఆ మనిషి బ్రతికి ఉండగానే వెళ్దాము.

ప్రార్థన చేద్దాము. కృపగల తండ్రీ, మా చెవులకు వివేకమును, మా కోపమునకు కళ్ళెమును, మా నోటికి సత్యమును దయచేయుము. మా మాటవలన గుడికి రాకుండా పోయినవారిని తిరిగి తీసుకొని రమ్ము. వారి ఇంటి గడప తొక్కే ధైర్యము మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.